నలుగురికీ ఒకే వకాల్తా

వెనక తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. ఆ సంగతి లోపల పనిచేస్తున్న నూట నలభై మంది ఆడవాళ్ళకీ తెలుసు. తెలిసీ అందరూ ఆ తలుపు వైపే పరిగెత్తారు. ముందు వాకిలి వైపునుంచి అమ్మోనియా గ్యాసు తెల్లగా కమ్ముకొస్తోంది. ఇంకెటు పోతారు?

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద, చేపల చెరువులూ రొయ్యల చెరువులూ దాటాక ఉంటుంది ఆ ప్లాంటు. చెరువుల్లో పట్టిన రొయ్యల్ని అక్కడ తలలు తుంచి, పొట్టు తీసి, గడ్డకట్టించి ఓడలకెక్కిస్తారు. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడి చేసే పని. బాత్రూమ్ పేరు చెప్పి ఆడవాళ్ళు బయట తిరుగుతున్నారని యజమాని వెంకటకృష్ణారావు ఆ తలుపుకి తాళం వేయించాడు. తనకి ఫోన్ చెయ్యకుండా తియ్యకూడదని సూపర్‌వైజరు కిరీటికి గట్టిగా చెప్పాడు.

జ్యోతిర్మయి తలుపుకి కొంచెం దూరంలోనే ఉంది. కళ్ళు మండిపోతున్నాయి. గొంతులో కారం కొట్టినట్టుంది. తలకున్న టోపీ తీసి ఐసు నీళ్ళలో ముంచి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కన నిలబడి పనిచేసే రుచిత, పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ చదువుతూ సెలవుల్లో పనికి వచ్చింది. అందరికంటే ముందు పరిగెత్తి రేకు తలుపుకి చేరింది. వెనకనుంచి తోసుకొచ్చే జనం ఆ పిల్లని తలుపుకేసి నొక్కేస్తున్నారు. నొక్కేవాళ్ళలో తనూ ఉంది. ఆ మాట జ్యోతిర్మయి ఆ తర్వాత ఎన్నడూ మరిచిపోలేదు.

తలుపు అవతల కిరీటి నిలబడి ఉన్నాడు. తాళంచెవి అతని నడుముకే వేలాడుతోంది. "సారు ఫోనెత్తట్లేదు, ఒక్క నిమిషం ఆగండి, ఒక్క నిమిషం" అని అతను అంటూ ఉండటం లోపలికి వినిపిస్తూనే ఉంది. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో ఎవరూ చెప్పలేరు. చివరికి యజమాని మాట లేకుండానే తాళం తీశాడు. తలుపు తెరుచుకోగానే రుచిత బొక్కబోర్లా గడప మీద పడింది. మీదనుంచి పదిమంది తొక్కుకుంటూ పోయాక, వెనక వచ్చిన అమలమ్మ, జ్యోతిర్మయితో కలిసి పనిచేసే మనిషి, ఆ పిల్లని చేతుల్లోకి ఎత్తుకుంది. అప్పటికే ప్రాణం లేదు.

*

మర్నాడు పోస్టుమార్టం అయ్యాక శవాన్ని తిన్నగా ఊరికి తీసుకుపొమ్మన్నారు పోలీసులు. ఆడవాళ్ళు అంబులెన్సుని ప్లాంటు గేటు దగ్గర ఆపారు. చాప పరిచి, రుచితని పడుకోబెట్టి, చుట్టూ కూర్చున్నారు. యజమాని రావాలి. తలుపుకి తాళం ఎందుకు వేయించాడో వచ్చి చెప్పాలి. అంతకు మించి వాళ్ళేమీ అడగలేదు.

యజమాని రాలేదు. ఎండ ముదిరాక నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని కిరీటి వచ్చాడు. అతనూ కౌలు రైతు కొడుకే, ఆ ప్లాంటులో జీతానికి ఉన్నవాడే. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పైనుంచి చెప్పిన పని చెయ్యడానికి వచ్చాడు. శవాన్ని అంబులెన్సులోకి ఎక్కించాలని చాప కొస పట్టుకుని లాగాడు. మీద కప్పిన గుడ్డ జారి, రుచిత నీలిరంగు తిరిగిన మొహం బయటపడింది.

అమలమ్మ లేచి రెండు చేతులూ అతని రొమ్ము మీద పెట్టి నెట్టింది.

కిరీటి వెనక్కి పడ్డాడు. గేటు జరిగే ఇనప పట్టా తలకి తగిలింది. మూడోరోజు విజయవాడ ఆసుపత్రిలో చనిపోయాడు.

రుచిత చావుని పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. కిరీటి చావుని హత్య అని రాసుకున్నారు. నలుగురు ఆడవాళ్ళని అరెస్టు చేశారు. ఒకటో ముద్దాయి అమలమ్మ. రెండు జ్యోతిర్మయి. మూడు సంపూర్ణమ్మ, అరవై దాటిన మనిషి, గ్యాసు పీల్చిన నాటినుంచి దగ్గు తగ్గలేదు. నాలుగు శ్రీదుర్గ, పెళ్ళై ఏడాది కాలేదు. ఈ ముగ్గురూ చేసిందల్లా శవం పక్కన ముందు వరసలో కూర్చోవడం.

*

జైలుకి వెళ్ళిన నాలుగోరోజు లాయరు జయకృష్ణ వచ్చాడు. విజయవాడలో పేరున్న మనిషి. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. నలుగురినీ వరసగా నిలబెట్టి, "భయపడకండమ్మా, నేను మీ నలుగురి తరపునా వచ్చాను" అన్నాడు. పంపించింది ఎవరని సంపూర్ణమ్మ అడిగింది. మంచి మనసున్నవాళ్ళు కొందరు ఉన్నారనీ, ఫీజు సంగతి మీకెందుకనీ అన్నాడు. ఒకే వకాల్తా కాగితం మీద నలుగురూ వరసగా సంతకాలు పెట్టారు. సంపూర్ణమ్మ వేలిముద్ర వేసింది. ఇంత పెద్దమనిషి తమకోసం జైలుకి వచ్చాడని వాళ్ళు ఆ రాత్రి కాస్త అన్నం తిన్నారు.

తర్వాతి వారం ఒక్కొక్కరినీ విడిగా పిలిపించి మాట్లాడాడు. జ్యోతిర్మయి ఎదురుగా కూర్చోగానే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నాకు అంతా తెలిస్తేనే నేను మిమ్మల్ని కాపాడగలనమ్మా. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. కిరీటిని నెట్టింది ఎవరు?"

ఆమె చెప్పింది. దాచాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన తన లాయరు. అమలక్కకీ ఆయనే లాయరు. ఆయనకి చెప్పడమంటే అమలక్కకి మేలు చెయ్యడమే అనుకుంది. అమలమ్మ నెట్టిందనీ, గుడ్డ జారిందని నెట్టిందనీ, చంపాలని కాదనీ చెప్పింది. ఆయన మొదటి మాట రాసుకున్నాడు. మిగతాది వింటూ తలూపాడు. లేచేటప్పుడు, బ్యారక్‌లో కేసు గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దనీ, గోడలకి అవతల జైలు వాళ్ళు వింటుంటారనీ హెచ్చరించాడు.

పదిరోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి మొహం దిగాలుగా పెట్టుకున్నాడు.

"ఎలా చెప్పాలో తెలియట్లేదమ్మా. అమలమ్మ మొత్తం మీ మీదకి తోసేస్తోంది. నెట్టింది మీరేనంటోంది. నేను చూసుకుంటాను. మీరు మాత్రం ఆవిడతో ఏమీ అనకండి."

జ్యోతిర్మయి లేచి బయటికి నడిచింది. అదే రోజు, అదే గదిలో, ఆమె బయటికి వెళ్ళిన కాసేపటికి అమలమ్మ కూర్చుంది. జ్యోతిర్మయి నీ మీద సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉందనీ, నెట్టడం కళ్ళారా చూశానని తన దగ్గర ఒప్పుకుందనీ ఆమెకి చెప్పాడు ఆయన. ఆ సంగతి జ్యోతిర్మయికి తెలిసేసరికి నెలలు పట్టింది.

ఆనాటినుంచి ఆ ఇద్దరూ ఒకే బ్యారక్‌లో, రెండు బారల ఎడంలో, మాటా పలుకూ లేకుండా బతికారు. ఐసు నీళ్ళకి చేతులు కొయ్యబారితే ఒకరి వేళ్ళు ఒకరు రుద్దుకున్నవాళ్ళు. అమలమ్మ గిన్నె పట్టుకుని లైన్లో నిలబడితే జ్యోతిర్మయి ఆ లైన్లోకి వెళ్ళేది కాదు. సంపూర్ణమ్మ ఇద్దరి మధ్యా చాప వేసుకుని పడుకునేది. మీకేమైందే అని ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ నోరు విప్పలేదు. పెద్ద లాయరుగారు వద్దన్నారు మరి.

డెబ్బై రోజులకి బెయిలు వచ్చింది. ముగ్గురికే. వెళ్ళేటప్పుడు జ్యోతిర్మయి వెనక్కి తిరిగి చూడలేదు. అమలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

*

జ్యోతిర్మయి వాళ్ళది పెడన. మామగారు చౌడయ్య నలభై ఏళ్ళు మగ్గం నేశాడు. నూలు దొరక్క, గుడ్డ అమ్ముడుపోక, మగ్గం విప్పి జంక్షన్‌లో అద్దె ఇంటికి వచ్చారు. మొగుడు దుర్గాశంకర్ రోజూ బస్సెక్కి విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుకి పోతాడు. ఐదేళ్ళ కూతురు తల్లిని చూసి మొదట దగ్గరికి రాలేదు. జైలు వాసన వస్తోందంది.

ఆటోనగర్‌లోనే యూనియన్ పని చేసే మెకానిక్కు మరియదాసు అమలమ్మకి అన్న. అతను షెడ్డుకి వచ్చి దుర్గాశంకర్‌ని రెండుసార్లు అడిగాడు, ఒకసారి మీ ఆవిడని తీసుకురా అని. దుర్గాశంకర్ ఆ మాట ఇంట్లో రెండు వారాలు దాచాడు. ఆఖరికి ఒక పొద్దున అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"నువ్వు బయటికొచ్చావు. అది చాలు. వాళ్ళ జోలి మనకొద్దు. నెట్టింది ఆవిడే కదా, అది అబద్ధమా?"

"అబద్ధం కాదు. నేను నెట్టానని ఆవిడెందుకు చెప్పిందో అడగాలి నేను" అంది జ్యోతిర్మయి.

ఆ ఆదివారం గుణదలలో మరియదాసు ఇంటి డాబా మీద ముప్పైమంది దాకా చేరారు. ప్లాంటు ఆడవాళ్ళు, ఆటోనగర్ కార్మికులు, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు. జ్యోతిర్మయి మెట్లెక్కి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఆమెకి చోటివ్వలేదు. నిలబడే ఉంది.

భానుశ్రీ అనే పాతికేళ్ళ లాయరు అక్కడ కూర్చుని ఉంది. కోర్టునుంచి బెయిలు దరఖాస్తు నకలు తీయించింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, మళ్ళీ నెమ్మదిగా చదివింది. ఈ నేరం చేసింది ఒకటో ముద్దాయి అమలమ్మ మాత్రమేననీ, ఆమె ఉద్దేశపూర్వకంగానే మృతుణ్ణి నెట్టిందనీ, మిగతా ముగ్గురికీ ఏ సంబంధమూ లేదనీ అందులో ఉంది. కింద సంతకం జయకృష్ణది.

"ఆయన అమలమ్మ లాయరు కదా?" అంది ఒక ఆవిడ.

"అవునండి. ఇవాళ్టికీ ఆయనే" అంది భానుశ్రీ.

తాళం మాట ఆ దరఖాస్తులో ఎక్కడా లేదు. రుచిత పేరు కూడా లేదు. ప్లాంటులో గ్యాసు గురించి అధికారులు నోటీసిస్తే, యజమాని తరపున జవాబు రాసింది కూడా జయకృష్ణ ఆఫీసేనని మరియదాసు చెప్పాడు. తలుపుకి తాళం లేదని అందులో రాశారు.

డాబా మీద గోల లేచింది. ఒకళ్ళు ఆయన ఇంటి ముందు కూర్చుందామన్నారు. ఒకళ్ళు మన ఖర్మ అన్నారు. ఎవరి లాయరుని వాళ్ళకి పెట్టాలన్నాడు మరియదాసు. ముందు వరసలో ఉన్న ముసలావిడ ఒకామె అడ్డం తిరిగింది. నలుగురికీ నలుగురు లాయర్లని పెడితే మనం విడిపోయినట్టేననీ, ఒకటిగా ఉండమని చెప్పేది మీరే, ఇప్పుడు ఎవరి దారి వాళ్ళని చూసుకోమనేదీ మీరేననీ నిలదీసింది. ఆమె మాటకి చాలామంది తలూపారు.

"విడగొట్టింది ఆయనమ్మా" అన్నాడు మరియదాసు. "ఒకే కాగితం మీద నలుగురి చేతా సంతకం పెట్టించి విడగొట్టాడు. ఒక్క లాయరుంటే ఒక్కటిగా ఉన్నట్టని మనమూ అనుకున్నాం. నేనూ అనుకున్నా. తప్పు నాదీ ఉంది."

భానుశ్రీ అందుకుంది. "ఆయన ఎంత మంచివాడైనా ఈ నలుగురికీ కలిపి చెయ్యకూడదండి. జ్యోతిర్మయి గారికి మేలు జరగాలంటే నెట్టింది అమలమ్మ అనాలి. అమలమ్మ గారికి మేలు జరగాలంటే ఎందుకు నెట్టిందో చెప్పాలి, తాళం గురించి చెప్పాలి. ఒకే నోరు ఈ రెండూ అనలేదు. ఏదో ఒకటి మింగాలి. యజమాని పంపిన మనిషి ఏది మింగుతాడు?"

జ్యోతిర్మయి ముందుకొచ్చింది. ఏదో తెగిపోయినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ రోజు గదిలో ఆయన తనని ఏమడిగాడో, తను ఏం చెప్పిందో... భానుశ్రీ లేచి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. నాకు చెప్పకండి. నేను అమలమ్మ గారి తరపున నిలబడదామనుకుంటున్నాను. మీరు చెప్పింది రేపు మీకే ఎదురు రావచ్చు. మీకు వేరే లాయరుని చూపిస్తాను. ఆయనకి చెప్పండి."

తన కన్నీళ్ళని కూడా వినని ఆ పిల్ల మీద జ్యోతిర్మయికి మొదట కోపం వచ్చింది. బస్సులో ఇంటికి వెళ్తూ అర్థమైంది. అన్నీ చెప్పమన్నవాడు ఏం చేశాడో చూసింది. చెప్పొద్దన్న మనిషిని ఇప్పుడే చూసింది.

కానీ అమలమ్మ వకాల్తా మార్చలేదు. అన్న ములాఖత్‌కి వెళ్తే, జ్యోతి నా మీద సాక్ష్యం చెబుతోంది, నేను ఒప్పుకుంటే శిక్ష తగ్గించి ఐదేళ్ళలో బయటికి తెస్తానని లాయరుగారు మాటిచ్చారు, మిగతా ముగ్గురూ వాళ్ళ పిల్లల దగ్గర ఉంటారు, నన్ను వదిలెయ్యి అన్నయ్యా అంది. మరియదాసు ఎంత చెప్పినా వినలేదు. తనని ముంచారనుకున్నవాళ్ళ కోసమే ఆమె జైల్లో ఉండిపోవడానికి సిద్ధపడింది. ఆ కబురు విన్నరోజు జ్యోతిర్మయి అన్నం ముందునుంచి లేచిపోయింది. అమలమ్మని కలవకూడదని బెయిలు షరతు. కలిసేది కోర్టు బోనులోనే.

వాయిదాకి ముందురోజు దుర్గాశంకర్ మళ్ళీ మొదలుపెట్టాడు. జామీను ఇచ్చినవాళ్ళు వెంకటకృష్ణారావు ఊరి రైతులనీ, లాయరుని కాదంటే ఆ సాయంత్రానికే జామీను లాగేసుకుంటారనీ, పిల్ల మొహం చూడమనీ బతిమాలాడు. అతను చెప్పిందంతా నిజమే. చౌడయ్య అంతసేపూ గడప మీద కూర్చుని విని, కోడలివైపు చూడకుండా అన్నాడు.

"పిల్లని నేను చూసుకుంటానమ్మా. నువ్వెళ్ళు."

*

కోర్టు వరండాలో జయకృష్ణ ఎస్కార్టు పోలీసుల పక్కనే నిలబడి అమలమ్మ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. పదకొండున్నరకి పిలిచారు. నలుగురూ బోనులోకి వెళ్ళారు. అమలమ్మ బాగా చిక్కిపోయింది. జుట్టు నెరిసింది. జ్యోతిర్మయి పక్కన నిలబడాల్సి వస్తే సంపూర్ణమ్మని మధ్యకి లాక్కుంది.

జడ్జిగారు అభియోగం చదివారు. హత్య. తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, అమలమ్మని అడిగారు, ఒప్పుకుంటున్నావా అని. జయకృష్ణ ఆమెవైపు చూసి కళ్ళతోనే కానివ్వమన్నాడు. ఆమె నోరు తెరిచింది.

"అయ్యా, ఒక్కమాట" అంది జ్యోతిర్మయి.

జయకృష్ణ వెనక్కి తిరిగి, మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండమ్మా అన్నాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. జ్యోతిర్మయి బోను కర్ర రెండు చేతులా పట్టుకుంది.

"ఈ లాయరుగారు నాకొద్దండి. నేను ఈయనకి ఒక మాట చెప్పాను, నా లాయరని. అది తీసుకెళ్ళి ఈవిడ మెడకి చుట్టారు. ఈవిడ నా మీద చెప్పిందని నాతో అన్నారు. నేను ఈవిడ మీద సాక్ష్యం చెబుతున్నానని ఈవిడతో అన్నారు. ఇద్దరికీ లాయరు ఈయనేనండి. అక్కా, నేను సాక్ష్యం ఇస్తానని ఎవరితోనూ అనలేదు. నువ్వు నా మీద చెప్పావా?"

అమలమ్మ సంపూర్ణమ్మ భుజం మీదుగా తలతిప్పి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"నీ పేరే ఎత్తలేదు నేను" అంది.

జయకృష్ణ లేచి ఏదో ఇంగ్లీషులో చెప్పబోయాడు. ముద్దాయిలు అయోమయంలో ఉన్నారన్నాడు. ఎవరో నేర్పించి పంపారన్నాడు. జడ్జిగారు అమలమ్మని మళ్ళీ అడిగారు.

"నెట్టానండి" అంది అమలమ్మ. "చంపలేదండి. చచ్చిన పిల్ల మీద గుడ్డ లాగితే నెట్టాను. అతను తాళం తియ్యలేదని కాదు, అతని చేతిలో ఏముందండి, తాళం వెయ్యమన్నాయన వేరే. ఆయన పేరు ఈ కోర్టులో ఇంతవరకూ ఎవరూ అనలేదు. వెంకటకృష్ణారావు. నేను ఒప్పుకోనండి."

భానుశ్రీ వెనక బెంచీ నుంచి వచ్చి అమలమ్మ చేతికి కొత్త వకాల్తా ఇచ్చింది. జ్యోతిర్మయికి ఏలూరునుంచి వచ్చిన ముసలి లాయరు ఒకాయన, సంపూర్ణమ్మకి మరొకావిడ కాగితాలు అందించారు. సంపూర్ణమ్మ దగ్గుతూనే వేలిముద్ర వేసింది. శ్రీదుర్గ వెయ్యలేదు. తల వంచుకుని, నాకు ఈ లాయరుగారినే ఉండనివ్వండి అంది. ఆమె అత్తగారు వరండాలోనుంచి చూస్తూ ఉంది. ఎవరూ ఆ పిల్లని ఒక్క మాట అనలేదు. అందరి రహస్యాలూ విన్నవాడు ఒకరి తరపున ఉండి మిగతావాళ్ళ మీద మాట్లాడకూడదని భానుశ్రీ అభ్యంతరం రాసిచ్చింది. జడ్జిగారు దాన్ని తీసుకుని వాయిదా వేశారు.

మధ్యాహ్నం కోర్టు మళ్ళీ కూర్చోగానే ఇద్దరు రైతులు వచ్చి, జ్యోతిర్మయికీ సంపూర్ణమ్మకీ ఇచ్చిన జామీను వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ముందే టైపు చేయించిన కాగితాలు. సాయంత్రంలోగా కొత్త జామీనుదార్లని తెచ్చుకోమన్నారు జడ్జిగారు. భూమి పాసుపుస్తకం కావాలి, ఇంటి పన్ను రసీదు కావాలి. దుర్గాశంకర్ ఆటోనగర్ అంతా ఫోన్లు చేశాడు. జామీను ఇస్తామన్నవాళ్ళు ఇరవైమంది. వాళ్ళలో సెంటు నేల ఉన్నవాడు ఒక్కడూ లేడు.

నాలుగున్నరకి ముగ్గురూ ఒకే వ్యానెక్కారు. దుర్గాశంకర్ కిటికీ జాలీ పట్టుకుని కొంతదూరం నడిచాడు. అతని మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది జ్యోతిర్మయికి. వ్యానులో అమలమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ రుద్దుతూ కూర్చుంది.

*

సంపూర్ణమ్మ తొమ్మిదో రోజున చనిపోయింది. వచ్చిన రెండోరోజునుంచే ఆయాసం. మందులిచ్చే అతను దగ్గు బిళ్ళలు చేతిలో పెట్టి పంపేవాడు. ఆసుపత్రికి పంపమని అడిగితే ఎస్కార్టు లేదన్నారు. ఎస్కార్టు వచ్చిన పూట డ్రైవరు లేడన్నారు. అవి అమ్మోనియా తినేసిన ఊపిరితిత్తులంటూ అమలమ్మ ప్రతి వార్డర్‌కీ చెప్పింది. ఆ ముక్క రాసుకోవడానికి ఏ రిజిస్టర్లోనూ చోటు లేదు. పొద్దున తొమ్మిదింటికి జ్యోతిర్మయి వీపు నిమురుతుండగా ముసలమ్మ రెండుసార్లు ఎగశ్వాస తీసి, తల పక్కకి వాల్చింది. వాళ్ళు గుండెలు బాదుకుంటుంటే వార్డర్ వచ్చి, లెక్క అయ్యాక ఏడవండి, ముందు లైన్లో నిలబడండి అంది. ఇద్దరూ లేచి లైన్లో నిలబడ్డారు. శవం చాప మీదే ఉంది. దాన్నీ ఒకటిగా లెక్కపెట్టుకుని వెళ్ళింది వార్డర్.

ఆ కబురు ప్లాంటుకి చేరింది. అంతవరకూ భయపడి పనిలోకి వెళ్తున్నవాళ్ళు చేతి తొడుగులు విప్పి రొయ్యల కుప్పల మీద పడేశారు. ఆ రోజు వచ్చిన సరుకు టేబుళ్ళ మీదే కుళ్ళింది. వెంకటకృష్ణారావు మొట్టమొదటిసారి స్వయంగా వచ్చాడు. మంచిమాటలు చెప్పాడు. తర్వాత ఒడిశానుంచి వేరే కూలీల్ని తెప్పిస్తానన్నాడు. వాళ్ళనీ ఆ తలుపు వెనకే పెట్టి తాళం వేస్తారా అని ఒకామె అడిగితే కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్లాంటు ఆడవాళ్ళు పోలీస్ స్టేషన్‌కి నడిచారు. కాలేజీ పిల్లలు రాసిపెట్టిన కాగితం ఒకటి ప్రతివాళ్ళ చేతిలోనూ ఉంది. ఎవరి మాట వాళ్ళ కాగితంలో ఉంది. ఒకామె కాగితంలో తాళం వేసిన రోజు తేదీ. ఒకామె కాగితంలో కిరీటి తలుపవతల అన్న మాటలు. రుచిత వీపు మీద కాలు పెట్టింది నేనేనని రాయించుకుంది ఒకామె. ఇన్స్పెక్టరు ఒక్కటీ తీసుకోలేదు. కేసు ఎప్పుడో అయిపోయిందన్నాడు. వాళ్ళు వచ్చి జంక్షన్‌లో హైవే మీద కూర్చున్నారు. అటు ఏలూరు, ఇటు విజయవాడ వైపు లారీలు ఆగిపోయాయి. లాఠీలు లేచాయి. ఇద్దరికి చేతులు విరిగాయి. ఒకామెకి చెవి దగ్గర చిరిగి రక్తం కారుతుంటే అలాగే వ్యానెక్కించారు.

మేజిస్ట్రేటు రిమాండు రాయగానే, మధ్యాహ్నం రెండింటికి జైలు గేటు తెరుచుకుంది. ఇరవై రెండు మంది లోపలికి వచ్చారు. చీరలకి తారు మరకలు. ఆడవాళ్ళ బ్యారక్‌లో అంతమందికి చోటు లేదు. జ్యోతిర్మయి, అమలమ్మ చాపలు చుట్టి గోడకి నిలబెట్టారు. చిన్న చేతిరుమాలు చింపి చెవి గాయానికి కట్టారు.

సాయంత్రం వార్డర్ వచ్చి, మీకోసం లాయరు వచ్చాడనీ, అందరికీ ఉచితంగా చేస్తాడటనీ, సంతకాలు పెడితే వారంలో బయటికి పోతారనీ చెప్పింది. జయకృష్ణ జూనియరు ములాఖత్ గదిలో కూర్చుని ఉన్నాడు. ఇరవై ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద వరసగా టైపు చేసి తెచ్చాడు. కొత్తవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో పాలిచ్చే తల్లులు ఇద్దరున్నారు. రవికలు తడిసి ఉన్నాయి. వారం అన్న మాట వాళ్ళ చెవుల్లో ఎలా పడి ఉంటుందో జ్యోతిర్మయికి తెలుసు. ఆమె ఏమీ నేర్పలేదు, ఎవరినీ ఆపలేదు. తనకి జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండు బారల ఎడంలో నలభై రోజులు ఎలా గడిచాయో చెప్పింది. సంపూర్ణమ్మ ఎక్కడ పడుకునేదో చెయ్యి పెట్టి చూపించింది.

పాలిచ్చే తల్లుల్లో ఒకామె లేచి ఊచల దగ్గరికి వెళ్ళింది.

"మాకెవరికీ ఆ లాయరు వద్దని చెప్పండి. ఎవరి లాయరు వాళ్ళకి వస్తారు. వచ్చేదాకా ఉంటాం" అంది వార్డర్‌తో.

"ఉండండి మరి" అంది వార్డర్. తాళం వేసి వెళ్ళిపోయింది.

అమలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, బయట ఇంకా ఎంతమంది ఉన్నారే అని అడిగింది. వందకి పైనే ఉన్నారనీ, కాగితాలన్నీ మరియదాసు దగ్గర భద్రంగా ఉన్నాయనీ, రేపు పొద్దున ఇంకో యాభైమంది స్టేషన్‌కి బయల్దేరుతున్నారనీ చెప్పారు వాళ్ళు.

"అయితే లేవండి" అంది అమలమ్మ. "ఆ మూల కూడా ఖాళీ చేద్దాం."